హాస్టల్ భవనానికి గుత్తేదారు ఎంపిక: ధరతో పాటు నాణ్యతకూ మార్కులు వేయడం ఎలా

మీ ప్రశ్న సారాంశం ఇది. మీ విద్యా ట్రస్టు 300 మంది విద్యార్థినుల కోసం సుమారు 10 కోట్ల రూపాయల అంచనాతో నాలుగంతస్తుల హాస్టల్ కట్టదలచింది. ఇంతకుముందు కట్టిన భవనాన్ని అందరికంటే తక్కువ వేసిన గుత్తేదారుకు అప్పగించి, రెండో వానాకాలానికే స్లాబు కారడం చూశారు. ఈసారి ధరతో పాటు పనితనాన్ని కూడా లెక్కలోకి తీసుకోవాలని అనుకుంటున్నారు. అయితే, తక్కువ వేసినవాణ్ని కాదని ఎక్కువ వేసినవాడికి ఎందుకు ఇచ్చారని రేపు ట్రస్టు సభ్యులో, ఆడిటరో అడిగితే ఏం చెప్పాలన్న భయం మీ కమిటీలో ఉంది. నేను ప్రభుత్వ ఇంజనీరింగ్ శాఖలో ముప్ఫై ఏళ్లకు పైగా భవనాల పనులు చూశాను. పదవీ విరమణ తర్వాత కొన్ని ట్రస్టులకూ, ఆసుపత్రులకూ టెండర్ల విషయంలో సలహాలు ఇస్తున్నాను. ఆ అనుభవం నుంచి కొంచెం వివరంగానే సమాధానం రాస్తున్నాను.

ముందుగా ఒక అపోహ తొలగించాలి. విలువ ఆధారిత ఎంపిక అంటే ఖరీదైన గుత్తేదారును ఎంచుకోవడం కాదు, పేరున్న కంపెనీకి పని ఇవ్వడమూ కాదు. ఏ మంచి లక్షణానికి మనం ఎన్ని రూపాయలు అదనంగా ఇవ్వడానికి సిద్ధంగా ఉన్నామో టెండరు పిలవకముందే కాగితం మీద రాసుకోవడం అందులో మొదటి సగం. ఆ డబ్బుకు బదులుగా గుత్తేదారు ఇస్తానన్నదాన్ని ఒప్పందంలో షరతుగా మార్చి రాబట్టుకోవడం రెండో సగం. చాలా సంస్థలు మొదటి సగం వరకు శ్రద్ధగా చేసి, రెండో సగాన్ని వదిలేస్తాయి. అప్పుడు డబ్బూ ఎక్కువ పోతుంది, పనీ పాత పద్ధతిలోనే జరుగుతుంది.

మీ పాత భవనం విషయంలో ఏం జరిగి ఉంటుందో ఊహించడం కష్టం కాదు. సీపీడబ్ల్యూడీ (కేంద్ర ప్రజా పనుల శాఖ) రేట్ల విశ్లేషణలో గుత్తేదారు లాభానికీ, ఆఫీసు, పర్యవేక్షణ ఖర్చులకూ కలిపి అసలు ఖర్చు మీద చేర్చేది 15 శాతం, అంటే మొత్తం ఎస్టిమేటులో సుమారు 13 శాతం. సిమెంటు, ఇనుము ధరలు గుత్తేదారులందరికీ దాదాపు ఒకటే. కాబట్టి సరిగా తయారైన ఎస్టిమేటు మీద ఒకరు 20 శాతం లెస్ (అంచనాకంటే తక్కువ) వేశారంటే, ఆ వాటా అంతా వదులుకున్నా ఇంకా సుమారు 7 శాతం ఎక్కడి నుంచో తేవాలి. అది వచ్చే చోట్లు కొన్నే ఉన్నాయి. సైటులో ఇంజనీరును పెట్టకుండా మేస్త్రీతోనే నడిపిస్తారు. క్యూరింగ్, అంటే కాంక్రీటును తడిపి ఉంచడం, రెండు మూడు రోజులతో సరిపెడతారు. సెంట్రింగ్ సామాను (కాంక్రీటు గట్టిపడేదాకా కింద నిలిపే ఆధారాలు) వేరే పనికి కావాలని ముందే విప్పేస్తారు. కాంక్రీటు పనులకు భారతీయ ప్రమాణమైన ఐఎస్ 456 ప్రకారం 4.5 మీటర్ల లోపు స్లాబుకు కింది ఆధారాలు కనీసం 7 రోజులు, అంతకు మించిన స్లాబుకు 14 రోజులు ఉంచాలి. ఆరు మీటర్లు దాటిన దూలానికి 21 రోజులు ఉంచాలి. సాధారణ పోర్ట్‌లాండ్ సిమెంటుతో వేసిన కాంక్రీటుకైనా కనీసం 7 రోజుల క్యూరింగ్ కావాలి. ఇప్పుడు ఎక్కువగా దొరికే పీపీసీ వంటి మిశ్రమ సిమెంట్లకు ఇంకా ఎక్కువ రోజులు కావాలి. ఈ రోజులన్నీ గుత్తేదారుకు డబ్బే. వాటిని కత్తిరించిన సంగతి బిల్లులో గానీ, కొలతల పుస్తకంలో గానీ కనిపించదు. మూడో ఏడాది పెచ్చులూడినప్పుడు కనిపిస్తుంది.

ఇంకొక దారి అదనపు పనులు. ఒక్కో పనికి విడిగా రేటు వేసే ఐటెం రేటు టెండరు అయితే, పరిమాణం తగ్గుతుందనుకున్న ఐటెంకు తక్కువ రేటు, పెరుగుతుందనుకున్న ఐటెంకు ఎక్కువ రేటు వేసి, మొత్తం మీద మాత్రం అందరికంటే కింద ఉండేలా చూసుకోవడం అనుభవం ఉన్న గుత్తేదారుకు కొత్త కాదు. మొత్తం ఎస్టిమేటు మీద ఒకే శాతం వేసే టెండర్లలో ఈ ఆటకు వీలు లేకపోయినా, డ్రాయింగులు అసంపూర్ణంగా ఉంటే ఎక్స్‌ట్రా ఐటెంల రూపంలో అదే జరుగుతుంది. అందుకే నా మొదటి సలహా మార్కుల గురించి కాదు. నేల పరీక్ష పూర్తయి, స్ట్రక్చరల్ డ్రాయింగులు చేతికి వచ్చి, నీటి పైపులు, కరెంటు పనులతో సహా పరిమాణాల పట్టిక సిద్ధమయ్యేవరకు టెండరు పిలవకండి. ఆ కాగితాలు సరిగా లేని చోట ఎంత చక్కటి మార్కుల పద్ధతి పెట్టినా, పోటీలో వచ్చిన ధరకూ చివరికి చెల్లించే ధరకూ సంబంధం ఉండదు.

ఇక మీ కమిటీ భయం సంగతి. ఈ పద్ధతి ఎవరో కొత్తగా కనిపెట్టినది కాదు. సలహాదారుల ఎంపికలో, అంటే ఆర్కిటెక్టు, డిజైన్ ఇంజనీర్ల వంటి వారి విషయంలో, నాణ్యతకూ ధరకూ కలిపి మార్కులు వేసే క్యూసీబీఎస్ పద్ధతి మన దేశంలో చాలాకాలంగా ఉంది. 2017 నాటి సాధారణ ఆర్థిక నియమావళిలో అది స్పష్టంగా ఉంది. నిర్మాణ పనుల విషయంలో మాత్రం తక్కువ ధరదే రాజ్యంగా ఉండేది. కేంద్ర ఆర్థిక శాఖలోని వ్యయ విభాగం 2021 అక్టోబరు 29న ఇచ్చిన సాధారణ సూచనల్లో ఆ తలుపు కొంత తెరిచింది. నాణ్యతకు ప్రాధాన్యం ఉన్న కొనుగోలుగా సంబంధిత అధికారి ప్రకటించిన పనులకు క్యూసీబీఎస్ వాడవచ్చని, అయితే ధరేతర అంశాల వాటా 30 శాతానికి మించకూడదని చెప్పింది. ప్రపంచ బ్యాంకు 2016 జులైలో అమలులోకి తెచ్చిన కొనుగోళ్ల విధానానికీ డబ్బుకు తగిన విలువ రావడమే మూలసూత్రం. మీది ప్రైవేటు ట్రస్టు కనుక కేంద్రం సూచనలు మీకు నేరుగా వర్తించవు. భవనానికి ప్రభుత్వ గ్రాంటు ఏదైనా వస్తుంటే మాత్రం ఆ గ్రాంటు షరతులు ముందుగా చదవాలి. అయినా 30:70 నిష్పత్తిని మీరు ఎంచుకుంటే, ప్రభుత్వ పనులకే ఆమోదించిన హద్దులో మేమూ ఉన్నామని ఆడిటరుకు ధైర్యంగా చెప్పగలరు.

రెండో రక్షణ ఇంకా గట్టిది. ముందుగా ప్రకటించిన ప్రమాణానికి ప్రకటించినవారే కట్టుబడి ఉండాలన్నది 1979 నాటి రమణ దయారామ్ శెట్టి కేసులో సుప్రీంకోర్టు చెప్పిన మాట. ఆ తీర్పు ప్రభుత్వ సంస్థల గురించే అయినా, నీతి మీకూ వర్తిస్తుంది. మార్కుల పట్టిక, ఒక్కో మార్కుకు చూపాల్సిన రుజువు, లెక్క కట్టే సూత్రం మొత్తం టెండరు పత్రంలోనే అచ్చయి ఉండి, మీరు దాన్ని అక్షరాలా పాటిస్తే పక్షపాతం అన్న మాటకు తావుండదు. టెండర్లు తెరిచాక కొత్త అంశం ఒక్కటి చేర్చినా, ఎంత మంచి ఉద్దేశంతో చేర్చినా, ఆ ఆరోపణకు మీరే దారి ఇచ్చినట్టు.

పట్టిక తయారుచేసేటప్పుడు ఎక్కువ మంది చేసే తప్పు, అర్హతనూ నాణ్యతనూ కలిపేయడం. టర్నోవరు, బిడ్ సామర్థ్యం (చేతిలో ఉన్నవి కాక కొత్త పని చేపట్టగల శక్తి), ఇలాంటి పని ఒకటైనా పూర్తిచేసిన అనుభవం, జీఎస్టీ, పీఎఫ్ నమోదులు ఇవన్నీ ఉన్నాయా లేవా అని చూసేవి. ఉంటే లోపలికి, లేకపోతే బయటికి. వాటికి మార్కులు ఉండకూడదు. టర్నోవరుకు మార్కులు వేశారంటే, 200 కోట్ల పనులు చేసే కంపెనీకి 40 కోట్ల పనులు చేసే గుత్తేదారుకంటే ఎక్కువ మార్కులు వస్తాయి. నిజానికి మీ 10 కోట్ల పని ఆ పెద్ద కంపెనీకి చిన్న పని. దానికి వాళ్లు తమ మంచి ఇంజనీరును పంపరు, సబ్‌కాంట్రాక్టుకు ఇస్తారు. జిల్లా కేంద్రంలో ఉండి, తానే రోజూ సైటుకు వచ్చే మధ్యస్థాయి గుత్తేదారు మీకు ఎక్కువ పనికొస్తాడు. బిడ్ సామర్థ్యానికి మన శాఖల్లో వాడే 2ఏఎన్ మైనస్ బీ సూత్రమే మీరూ వాడవచ్చు. గత ఐదేళ్లలో ఒక ఏడాది చేసిన గరిష్ఠ పని విలువను (ఏ) పని గడువు ఏళ్లతోనూ (ఎన్), రెండుతోనూ గుణించి, చేతిలో ఉన్న పనుల విలువను (బీ) తీసివేయాలి. ఇప్పటికే తలకు మించిన పనులు పెట్టుకున్నవాణ్ని ఇది గుమ్మం దగ్గరే ఆపుతుంది.

మార్కులు వేయాల్సింది గుత్తేదారు చేతిలో నిజంగా ఉన్న అంశాలకు. ఇనుము, సిమెంటు, టైల్స్ ఏ రకమో మీ ఆర్కిటెక్టు ముందే నిర్ణయించి ఉంటాడు కనుక అందులో గుత్తేదారు గొప్ప ఏమీ లేదు. అతని చేతిలో ఉన్నవి సైటులో పెట్టే మనుషులు, పని చేసే విధానం, పరీక్షల క్రమశిక్షణ, గతంలో కట్టినవాటి పరిస్థితి, లోపం బయటపడినప్పుడు వచ్చి సరిచేసే అలవాటు. మీ పనికి నేనైతే 100లో 35 మార్కులు పాత పనుల పరిశీలనకు, 30 ప్రతిపాదించిన సైటు ఇంజనీరుకూ సూపర్‌వైజర్లకూ, 20 నాణ్యతా ప్రణాళికకు, 15 పని వరుస, భద్రత, కూలీల వసతికి కేటాయిస్తాను.

పాత పనుల పరిశీలనకు అన్నిటికంటే ఎక్కువ మార్కులు ఎందుకంటే, అబద్ధం చెప్పలేనివి ఆ భవనాలే. గుత్తేదారు ఇచ్చే ఫొటోలు, ప్రశంసాపత్రాలు పక్కన పెట్టండి. గత ఏడేళ్లలో పూర్తిచేసిన పనులన్నిటి జాబితా అడిగి, కనీసం మూడు వానాకాలాలు దాటిన రెండు భవనాలను మీరే ఎంచుకొని చూడండి. ఎంపిక అతనికి వదలకండి. పై అంతస్తు మరుగుదొడ్ల కింద సీలింగు చూడండి, తేమ మచ్చ ఉంటే సంకెన్ స్లాబు (మరుగుదొడ్ల పైపుల కోసం కిందికి దించి వేసే స్లాబు) దగ్గర పని సరిగా జరగలేదు. టెర్రస్ మీద పిట్టగోడా స్లాబూ కలిసే చోట పగులు ఉందేమో చూడండి. ప్లాస్టరింగు మీద నాణెంతో తట్టండి. డొల్ల శబ్దం వస్తే గోడ తడపకుండా పూసినట్టు. మెట్ల ఎత్తులన్నీ సమానంగా ఉన్నాయో లేదో టేపు పెట్టి కొలవండి. మెట్లు తేడాగా ఉన్న భవనంలో సెంట్రింగ్ మీద అజమాయిషీ లేదని నిశ్చయంగా చెప్పవచ్చు. ఆ తర్వాత అక్కడి వాచ్‌మన్‌తోనూ, వార్డెన్‌తోనూ పది నిమిషాలు మాట్లాడండి. లీకేజీ వచ్చిందని ఫోను చేస్తే ఎన్ని రోజులకు వచ్చారు, అసలు వచ్చారా అన్నది యజమానికంటే వాళ్లకే బాగా తెలుస్తుంది. ఈ పరిశీలనకు ముందే ఒక పేజీ నమూనా తయారుచేసి, చూసిన ప్రతి భవనానికి అదే నమూనా నింపి, ఫొటోలు జతచేసి, వెళ్లినవారందరూ సంతకాలు చేయాలి. అందరి భవనాలనూ అదే ఇద్దరు ముగ్గురు చూడాలి. ఒకరి భవనాలు ఒకరు, మరొకరివి ఇంకొకరు చూస్తే మార్కులకు పోలిక ఉండదు.

ఇంజనీరు విషయంలో బయోడేటా చాలదు. అతన్ని పిలిపించి, మీ భవనం డ్రాయింగు ముందు పెట్టి అరగంట మాట్లాడాలి. రెడీమిక్స్ లారీ ఆలస్యమై సగం స్లాబు దగ్గర పని ఆగితే ఏం చేస్తావు, ఎక్కడ ఆపుతావు అని అడగండి. నీళ్లు కలిపిన రెండు గంటలు దాటిన కాంక్రీటును ఏం చేస్తావు అని అడగండి. కవరు బ్లాకులు (ఇనుము చుట్టూ కాంక్రీటు మందం ఉండేలా కింద పెట్టే చిన్న దిమ్మెలు) ఎక్కడ చేయిస్తావు, బలం పరీక్షించడానికి కాంక్రీటు క్యూబులు ఎన్ని తీస్తావు అని అడగండి. ఐఎస్ 456 ప్రకారం 5 ఘనపు మీటర్ల వరకు ఒక నమూనా, 6 నుంచి 15 వరకు రెండు, 16 నుంచి 30 వరకు మూడు, 31 నుంచి 50 వరకు నాలుగు, ఆ పైన ప్రతి 50 ఘనపు మీటర్లకు మరొకటి తీయాలి. ఒక్కో నమూనాకు మూడు క్యూబులు. ఇది నోటికి రాని ఇంజనీరు రేపు మీ సైటులో క్యూబులు తీయిస్తాడని నమ్మడానికి ఆధారం లేదు. ప్రశ్నలు అందరికీ ఒకటే ఉండాలి, జవాబులు రాసి ఉంచాలి. మీ కమిటీలో సివిల్ ఇంజనీరు లేకపోతే దగ్గరి ఇంజనీరింగ్ కళాశాల నుంచి ఒక అధ్యాపకుణ్ని ఈ ఒక్క పనికి పిలిపించుకోండి.

మార్కులు కూడా పదికి ఏడా, ఎనిమిదా అన్న సందేహానికి చోటివ్వకూడదు. ఒక్కో అంశానికి నాలుగు మెట్లే పెట్టండి: రుజువు లేకపోతే సున్నా, షరతు మేరకు ఉంటే 40 శాతం, అంతకంటే మెరుగైతే 70 శాతం, స్పష్టమైన రుజువుతో ఉత్తమంగా ఉంటే పూర్తి మార్కులు. ఏ మెట్టుకు ఏం ఉండాలో ఒక్కో వాక్యం రాసి టెండరు పత్రంలో పెట్టండి.

ఇప్పుడు లెక్క. వాడుకలో ఉన్న సూత్రంలో అందరికంటే తక్కువ ధరకు 100 ఆర్థిక మార్కులు. మిగతావారికి, కనిష్ఠ ధరను వారి ధరతో భాగించి నూరుతో గుణించగా వచ్చినన్ని. ముగ్గురు గుత్తేదారులు ఉన్నారనుకోండి. మొదటివాడు 10 కోట్లు వేశాడు, సాంకేతిక మార్కులు (పైన చెప్పిన నాణ్యతా అంశాలకు 100లో వచ్చినవి) 62. రెండోవాడు 10.6 కోట్లు, 84 మార్కులు. మూడోవాడు 11.2 కోట్లు, 90 మార్కులు. ఆర్థిక మార్కులు వరుసగా 100, 94.34, 89.29 అవుతాయి. నాణ్యతకు 30, ధరకు 70 వాటా ఇస్తే మొత్తాలు 88.6, 91.24, 89.5, రెండోవాడికి పని వస్తుంది. నాణ్యత వాటాను 20కి తగ్గించండి: 92.4, 92.27, 89.43; మొదటివాడు వెంట్రుకవాసిలో గెలుస్తాడు. దాన్ని 50కి పెంచండి: 81, 89.17, 89.64, మూడోవాడు గెలుస్తాడు. మనుషులు మారలేదు, మార్కులు మారలేదు, ధరలు మారలేదు. వాటా ఒక్కటి మారితే ముగ్గురికీ విజయం దక్కింది. అందుకే వాటాను పక్క సంస్థ పత్రం నుంచి కాపీ కొట్టకూడదు.

దాన్ని నిర్ణయించడానికి నేను వాడే పద్ధతి, ఒక్క మార్కు ఖరీదు ఎంతో తేల్చడం. 30:70లో ఒక సాంకేతిక మార్కు తుది మొత్తంలో 0.3. కనిష్ఠ ధర మీద ఒక శాతం పెరిగితే తుది మొత్తంలో సుమారు 0.7 తగ్గుతుంది. కాబట్టి ఒక సాంకేతిక మార్కు ధరలో దాదాపు 0.43 శాతానికి, అంటే 10 కోట్ల పనిలో సుమారు 4.3 లక్షల రూపాయలకు సమానం. 20:80లో అది 2.5 లక్షలు, 50:50లో 10 లక్షలు. ఇప్పుడు కమిటీని కూర్చోబెట్టి, రూపాయల్లో ప్రశ్న అడగండి. సైటు బృందానికి 30 మార్కులు పెట్టాం. ఒకరికి 30, ఇంకొకరికి 12 వస్తే తేడా 18 మార్కులు, అంటే 77 లక్షలకు పైగా. మంచి బృందం కోసం అంత అదనంగా ఇవ్వడానికి మనం నిజంగా సిద్ధమేనా? కాదంటే ఆ అంశం మార్కులు తగ్గించాలి, లేదా వాటా తగ్గించాలి. ఈ చర్చ టెండరు పిలవకముందు జరిగి, మినిట్స్‌లో నమోదైతే, తర్వాత ఎవరు అడిగినా చూపడానికి అంతకు మించిన సమాధానం ఉండదు.

ఈ సూత్రంలో ఒక ప్రమాదం ఉంది. పై ముగ్గురితో పాటు నాలుగోవాడు వచ్చి 7.5 కోట్లే వేశాడనుకోండి, అతని సాంకేతిక మార్కులు 50. కనిష్ఠ ధర ఇప్పుడు 7.5 కోట్లు కనుక మిగతా వారి ఆర్థిక మార్కులు 75, 70.75, 66.96కు పడిపోతాయి, 30:70లో నాలుగోవాడికి 85 వస్తే, మంచి మార్కులున్న రెండోవాడికి 74.7 మాత్రమే వస్తాయి. నాణ్యత కోసం పెట్టిన పద్ధతి అందరికంటే నాసిరకం ప్రతిపాదనను గెలిపిస్తుంది. దీనికి రెండు కట్టడులు కావాలి. మొదటిది, సాంకేతిక ప్రతిపాదననూ ధరనూ విడి కవర్లలో తీసుకొని, సాంకేతిక మార్కులు 60 దాటనివారి ధర కవరు తెరవకపోవడం. పై ఉదాహరణలో నాలుగోవాడు అక్కడే ఆగిపోతాడు. రెండోది, నమ్మశక్యం కానంత తక్కువ ధర వచ్చినప్పుడు రేట్ల విశ్లేషణ రాతపూర్వకంగా అడగడం. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2003లో వచ్చిన జీఓ 94, అంచనా మీద 25 శాతానికి మించి లెస్ వేసినవారు ఆ తేడా మేరకు అదనపు హామీ కట్టాలని నిర్దేశించింది. ఆ ఆలోచన మీ పత్రంలోనూ పెట్టుకోవచ్చు. కానీ హామీ తీసుకోవడంతో పని మెరుగుపడదు కాబట్టి విశ్లేషణ చదవడం ముఖ్యం. ఎం25 రకం (ఇలాంటి భవనాల్లో వాడే ఒక బలం స్థాయి) కాంక్రీటు ఘనపు మీటరుకు ఏడు నుంచి ఎనిమిది బస్తాల సిమెంటు పడుతుంది. అతను వేసిన రేటు సిమెంటు, కంకర, ఇసుక, సెంట్రింగ్, కూలీ మొత్తానికే చాలకపోతే, ఎలా చేస్తావో చెప్పమని అడగడం మీ హక్కు. సంతృప్తికరమైన జవాబు రాకపోతే తిరస్కరించే అధికారం మీకు ఉందని పత్రంలో ముందే రాసుకోండి. ధరలన్నీ జీఎస్టీ, భవన నిర్మాణ కార్మికుల సంక్షేమ సెస్సు 1 శాతం కలిపి వేయాలా, కలపకుండానా అన్నది కూడా స్పష్టంగా ఉండాలి. ఒకరు కలిపి, మరొకరు కలపకుండా వేస్తే పోలిక మొత్తం తప్పుతుంది.

గడువును మార్కుల్లో చేర్చవద్దని నా అభిప్రాయం. దాన్ని సూటిగా రూపాయల్లోకి మార్చవచ్చు. హాస్టల్ ఆలస్యమైనన్నాళ్లూ మీరు బయట అద్దె భవనానికి నెలకు 5 లక్షలు కడుతున్నారనుకుంటే, ప్రతి గుత్తేదారు చెప్పిన నెలలను 5 లక్షలతో గుణించి, పోలిక కోసం మాత్రమే అతని ధరకు కలపండి. 15 నెలల్లో ఇస్తానన్నవాడికి, 18 నెలలు అడిగినవాడి మీద 15 లక్షల అనుకూలత వస్తుంది. అయితే ఆలస్యానికి కోసే పరిహారం కూడా నెలకు అదే 5 లక్షలు ఉండాలి, లేకపోతే అందరూ 12 నెలలని రాసేస్తారు. 1872 కాంట్రాక్టు చట్టం 74వ సెక్షన్ ప్రకారం ఒప్పందంలో రాసిన మొత్తానికి లోబడి సమంజసమైన పరిహారమే దక్కుతుంది కనుక, ఆ అంకె నిజమైన అద్దె లెక్క మీద ఆధారపడి ఉండటం మీకే మేలు. స్లాబు కింది ఆధారాలు ఉంచాల్సిన రోజులు తగ్గించకుండా పూర్తిచేయగల కనీస గడువు ఎంతో మీ ఇంజనీరుతో లెక్క వేయించి, అంతకంటే తక్కువ రాసినా అదనపు అనుకూలత రాదని పత్రంలో పెట్టండి.

మార్కులు వేసేటప్పుడు కమిటీలో ముగ్గురైనా, ఐదుగురైనా, ముందు ఎవరికి వారు విడిగా వేసి సంతకం చేయాలి, ఆ తర్వాతే చర్చించాలి. తేడా ఎక్కువ ఉన్న అంశంలో ఎవరు ఎందుకు మార్చుకున్నారో రాయాలి. గుత్తేదారుల్లో ఎవరితోనైనా బంధుత్వం, వ్యాపారం ఉన్న సభ్యుడు మొదటే చెప్పి తప్పుకోవాలి. ధర కవర్లు సాంకేతిక మార్కులు ఖరారై, గుత్తేదారులందరికీ తెలియజేసిన తర్వాత వారి ఎదుటే తెరవాలి. తెరిచాక, రెండోవాణ్ని పిలిచి మొదటివాడి ధరకు చేస్తావా అని బేరమాడే ఆలోచన ఎవరికైనా వస్తే గట్టిగా ఆపండి. ఆ ఒక్క బేరంతో అతను ఇస్తానన్న ఇంజనీరు జీతమూ, క్యూరింగ్ రోజులూ కలిపి మీరే వెనక్కి ఇచ్చేసినవారు అవుతారు.

ఇప్పుడు మొదట్లో చెప్పిన రెండో సగం, అంటే ఇస్తానన్నదాన్ని ఒప్పందం ద్వారా రాబట్టుకోవడం గురించి, నా స్వానుభవంతో. చాలా ఏళ్ల క్రితం ఒక పెద్ద భవనానికి ఇలాగే మార్కులు వేసి గుత్తేదారును ఎంపిక చేశాం. పదిహేనేళ్ల అనుభవం ఉన్న ఇంజనీరును చూపినందుకు అతనికి మంచి మార్కులు వచ్చాయి, ఆ మార్కులే అతన్ని గెలిపించాయి. పని మొదలయ్యాక సైటుకు వచ్చింది అప్పుడే డిప్లొమా పూర్తిచేసిన కుర్రాడు. ఒప్పందం తీసి చూస్తే, అర్హత గల ఇంజనీరును నియమించాలి అన్న పాత వాక్యమే ఉంది. డిప్లొమా కూడా అర్హతే కదా అన్నారు, మేం ఏమీ చేయలేకపోయాం. రెండు స్తంభాల్లో తేనెపట్టులా గుల్లలు వచ్చి, వాటిని కొట్టి మళ్లీ పోయడానికి రెండు నెలలు పోయాయి. తప్పు ఆ కుర్రాడిది కాదు, ఒప్పందం రాసిన మాది. ఎవరి పేరు మీద మార్కులు వేశామో ఆ పేరు ఒప్పందంలో రాయకపోవడం నేను ఇప్పటికీ మరచిపోలేని పొరపాటు.

అప్పటి నుంచి నేను పట్టుబట్టేది ఇది. గుత్తేదారు సాంకేతిక ప్రతిపాదన మొత్తం ఒప్పందంలో భాగమని రాయాలి. ఇంజనీరు పేరు, నెలకు సైటులో ఉండాల్సిన రోజులు రాయాలి. మార్చాల్సి వస్తే మీ పట్టికలో అంతే మార్కులు వచ్చే మనిషిని మీ రాతపూర్వక అనుమతితోనే పెట్టాలి. పెట్టనన్నాళ్లూ నెలకు ఇంత అని బిల్లులో కోయాలి, ఆ అంకె ఇంజనీరు జీతానికి రెండింతలైనా ఉండాలి. క్యూబు పరీక్షల ఫలితాలు జతచేయని రన్నింగ్ బిల్లు (పని సాగుతుండగా ఇచ్చే బిల్లు) స్వీకరించకూడదు. సబ్‌కాంట్రాక్టుకు ఇచ్చే పనుల జాబితా ముందే తీసుకోవాలి. వాటర్‌ప్రూఫింగుకు పదేళ్ల హామీ పత్రం, మిగతా పనికి కనీసం రెండేళ్ల లోపాల బాధ్యత, ఆ రెండేళ్ల కాలానికి నిలిపి ఉంచే సొమ్ము, ఫిర్యాదు చేసిన ఏడు రోజుల్లో రాకపోతే ఆ సొమ్ములోంచి మీరే బాగుచేయించుకునే అధికారం ఉండాలి. అమ్మకానికి కట్టే అపార్టుమెంట్లకు 2016 రెరా చట్టం నిర్మాణ లోపాల విషయంలో ఐదేళ్ల బాధ్యత పెట్టింది. మీ హాస్టల్‌కు ఆ చట్టం వర్తించకపోయినా, నిర్మాణ లోపాల వరకు అదే కాలాన్ని అడగడం న్యాయమే, గట్టి గుత్తేదారులు ఒప్పుకుంటారు కూడా.

బిల్లులు సకాలంలో చెల్లించడం మీ వైపు బాధ్యత. నాణ్యత అడిగే సంస్థ మూడు నెలలు బిల్లు ఆపితే, మంచి గుత్తేదారు మరుసటి టెండరుకు రాడు. వచ్చినా ఆ వడ్డీని ధరలో కలుపుకొని వస్తాడు. కొలతలు తీసిన 15 రోజుల్లో చెల్లిస్తామని పత్రంలో రాసి, దానికి తగ్గ నిధులు విడిగా పెట్టుకోండి.

పని అప్పగించిన వారంలో, పని రాని ప్రతి గుత్తేదారుకూ అతని మార్కులు, ఒక్కో అంశంలో ఎందుకు తగ్గాయన్న కారణం రాసి పంపండి. ముఖ్యంగా తక్కువ వేసినా పని దక్కనివాణ్ని పిలిచి కూర్చోబెట్టి, అతని పాత భవనం సీలింగు ఫొటోలు అతనికే చూపించండి. నేను అలా చూపించిన ఒక గుత్తేదారు మొదట కోపగించుకున్నాడు. నెల తిరిగేలోపు ఆ భవనానికి వెళ్లి లీకేజీ సరిచేయించి, రెండేళ్ల తర్వాత మరో టెండరులో మంచి మార్కులతో వచ్చాడు. మీ ముసాయిదా పట్టిక తయారయ్యాక ఇక్కడ పెట్టండి, ఒక్కో మార్కు ఖరీదు ఎంత పడుతోందో కలిసి లెక్క చూద్దాం.